కండ్లు మూసుకుంటే కనవడేటియన్నీ మెదడుల గడ్డలు కావు సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి దుకాణంల, అంటె రైతుల పంట కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణంల, గుమస్తాను. పదిహేడేండ్లాయె ఈ పనిల. ఇల్లు హన్మకొండల. పొద్దుగాల దుకాణం షట్టర్ లేపంగనే టీ కంటె ముందు నా చేతికి వచ్చేది మీ పేపరే. పోయిన ఆదివారం ఆరోగ్యం పేజీల మెదడుల గడ్డల గురించి రాసిన్రు, మంచిదే, జనానికి తెల్వాలె. కని అందుల లక్షణాల కాడ "వింత ఆకారాలు కనిపించడం" అని ఒక ముక్క రాసి అక్కడికే వదిలేసిన్రు. ఎప్పుడు కనవడితె? పగలా, రాత్రా? కండ్లు తెరిచున్నప్పుడా, మూసుకున్నప్పుడా? ఏం లేదు. ఆ ఒక్క ముక్క మీదనే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైతది, ఏమనుకోకున్రి, ఎందుకంటె అసొంటి ముక్క ఒకటి చదివే నేను పోయినేడు మూడు నెలలు నరకం చూసిన.

పోయిన మార్చిల మాట. మిర్చి సీజన్ అంటె మా మార్కెట్ ఎట్లుంటదో మీ విలేకరులకు ఎరుకే. రాత్రంత బండ్లు వస్తనే ఉంటయి, తెల్లారంగనే జెండా పాట (రేటు తేల్చే వేలం), లాట్లు చూసుడు, కాంటాలు, తక్‌పట్టీలు (అమ్మకం చీటీలు) రాసుడు, రైతుకు పైసలిచ్చి పంపేదాంక మనకు అన్నం యాదికి రాదు. తేజ, వండర్ హాట్, చపాటా, ఏ రకం మిర్చి అయినా ఎటు చూసినా ఎరుపే. నిద్ర నాలుగు గంటలు దొరికితె గొప్ప, దానికి తోడు రోజుకు ఏడెనిమిది చాయలు. ఒకనాడు రాత్రి పన్నెండు దాటినంక ఇంటికొచ్చి పండుకున్న. కండ్లు మూసిన. ముందుగల సన్న సన్న చుక్కలు, జల్లెడ లెక్క ఒక అల్లిక, అది మెల్లగ తిరుగుతున్నది. మల్ల బస్తాలకెళ్లి మిరపకాయలు కుప్పగ పోసినట్టు జలజల రాలుడు. దాని తర్వాత మొఖాలు. నాకు తెలిసినోళ్లవి కావు. నెత్తికి తువ్వాల చుట్టిన ఒక ముసలాయన, గడ్డం మీద తెల్ల వెంట్రుకలు ఒక్కొక్కటి లెక్కవెట్టేటంత సాఫ్‌గ కనవడ్డయి, ఆయన నా దిక్కు మొఖం తిప్పంగనే అది ఒక చిన్న పిల్ల మొఖం అయిపోయింది, అది మల్ల ఇంకోటైంది. కన్ను అంటుకునే టైంల ఉన్నట్టుండి నెత్తిలోపల ఢామ్మని ఒక సప్పుడు, గ్యాస్ సిలిండర్ పేలినట్టే. లేచి కూసున్న. ఇంట్ల ఎవలకూ ఏం ఇనవడలే, నా భార్య మంచిగ నిద్రపోతున్నది.

నొప్పి లేదు. కండ్లు తెరవంగనే మొఖాలు గూడ లేవు. అయినా గుండె ఎట్ల కొట్టుకున్నదో చెప్పలేను.

అప్పుడు నేను చేసిన తప్పు పని ఏందంటె దుప్పటి కిందికెళ్లి ఫోన్ తీసిన. తెలుగుల ఎట్ల కొట్టాల్నో తెల్వలే, ఎందుకంటె దానికి మన దగ్గర పేరే లేదు. కల అందామంటె కల కాదు, మెలకువగనే ఉన్న. "కండ్లు మూస్తె మొఖాలు కనవడుడు" అని కొట్టిన. ఒక వీడియోల ఒకాయన బ్రెయిన్ ట్యూమర్ అన్నడు, ఇంకోటి ఫిట్స్ అన్నది, ఇంకోటి మనిషికి పిచ్చి పట్టే ముందు ఇట్లనే అయితదన్నది. రాత్రి మూడింటిదాంక చూసిన. తెల్లారి జెండా పాట కాడ నిలవడితె నాకు రేటు ఇనవడలే, నా బిడ్డ పెండ్లి ఎవరు చేస్తరు అనే ఆలోచనే తిరుగుతున్నది.

ఇగ ఆ రాత్రికెళ్లి పండుకునుడే ఒక పరీక్ష అయింది. కండ్లు మూసుడు, వస్తున్నయా అని చూసుడు. చూస్తె రాకుంట ఉంటయా? మా ఎలక్ట్రానిక్ కాంటా మీద ఎర్ర అంకెలు ఉంటయి గద, బస్తా పెట్టకున్నా ఫ్యాన్ గాలికి ఆ గ్రాముల అంకె కదులుతనే ఉంటది, పనిల ఉన్నోడు దాన్ని చూడడు, కని అదే పనిగ దాని దిక్కే కన్నేసి కూసున్నోనికి కాంటానే ఖరాబైందని అనిపిస్తది. నాది గదే కత. ఇంతకు ముందు గూడ కండ్లు మూస్తె రంగులు, చుక్కలు వచ్చినయి కావొచ్చు, నేనెప్పుడు పట్టించుకున్న? ఇప్పుడు పట్టించుకునుడే పనైంది. పగలు గూడ కుర్చీల కూసొని కొద్దిసేపు కండ్లు మూసి చూసుకునేది. అద్దంల కంటిపాపలు రెండు సమానంగ ఉన్నయా అని రోజుకు ఎన్నిసార్లు చూసుకున్ననో లెక్కే లేదు.

మా కాలనీల ఆర్ఎంపీ డాక్టర్ నరాల వీక్‌నెస్ అని సూదులిచ్చిండు. కంటి డాక్టర్ మందు చుక్కలేసి చూసి మంచిగున్నయన్నడు. ఒక ప్రైవేట్ దవాఖానల (పేరెందుకు) నేను సగం మాట చెప్పంగనే ఎమ్మారై రాసిన్రు. ఏడు వేలు. ఆ గొట్టంల పండవెట్టి టకటక సప్పుడైతుంటె నేను కండ్లు మూసుకొని భద్రకాళమ్మను తలుసుకున్న. రిపోర్ట్ నార్మల్ అని వచ్చింది. కౌంటర్ కాడ కవర్ చేతికిచ్చిన్రు, డాక్టర్ దాన్ని లైటుకు పెట్టి చూసి "ఏం లేదు, పో" అన్నడు. ఏం లేదు సరే, మరి రాత్రి నాకు కనవడేది ఏంది? అది అడిగేలోపల ఇంకో పేషెంట్ లోపలికొచ్చిండు.

ఆ నార్మల్ అన్న మాట నాకు తొమ్మిది రోజులు పని చేసింది. పదో రోజు రాత్రి మల్ల మొఖాలు వచ్చినయి, మల్ల మొదలు: స్కానింగ్‌ల పడకుంట చిన్న గడ్డ ఉంటె? రిపోర్టులు మారినయేమో? మందెక్కించి తీస్తరట గద, నాకు ఎందుకు ఎక్కియ్యలే? నేను ఇంకో స్కానింగ్‌కు పైసలు జమ చేసుడు మొదలువెట్టిన, ఇంట్ల చెప్పకుంట. ఇదే అసలు రోగం అని నాకు అప్పుడు తెల్వది. పరీక్ష చేయించుకుంటె భయం తగ్గుతది, కొన్ని రోజులే, మల్ల ఇంకో పరీక్ష అడుగుతది, చాయ అలవాటు లెక్కనే.

మా అత్తమ్మ గాలి సోకిందని దిష్టి తీసింది, తాయత్తు కట్టించింది. ఆమె ప్రేమతోని చేసింది, నేను కాదనలే. కని నా భయం దయ్యం గురించి కాదు, గడ్డ గురించి, దానికి తాయత్తు ఎట్ల పని చేస్తది.

రెండు మాటలు నన్ను బయట పడేసినయి. ఒకటి మా అవ్వ మాట. అవ్వ పరకాల దిక్కు ఊర్లనే ఉంటది, డెబ్బై దాటినయి. ఉగాదికి పోతె నా మొఖం చూసి "ఏందిరా గట్ల గుంజుకపోయినవ్" అని అడిగింది. ఎవలకూ చెప్పనిది ఆమెకు చెప్పిన. మిరపకాయలు రాలినట్టు కనవడుతున్నదే అవ్వా అన్న. ఆమె సాటల బియ్యం ఏరుకుంట తల గూడ ఎత్తలే. "గంతేనా కొడుకా? పత్తి ఏరినన్ని దినాలు కండ్లు మూస్తె తెల్లగ పత్తే ఉంటుండె. నాట్లప్పుడు నీళ్లు, నారు. మీ బాపుకైతె పండుకున్నంక గూడ ఎడ్లు నడిసినట్టే ఉంటుండెనట. మొఖాలు గూడ వస్తయి, ఎవలయో ఏమో. వచ్చి పోతయి, వాటితోని మనకేం పని" అన్నది. నలభై ఏండ్లు ఆమెకు అది కనవడ్డది, ఒక్క రాత్రి గూడ భయపడలే, ఎందుకంటె అది భయపడేదని ఆమెకు ఎవరూ చెప్పలే.

రెండోది, నా బిడ్డ బలవంతం మీద ఒక సర్కారు దవాఖానల మానసిక వైద్యం ఓపీకి పోయిన. ఆ బోర్డు కింద నిలవడనీకి సిగ్గైంది, మార్కెట్ల ఎవరన్న చూస్తరేమో అని మాస్క్ పెట్టుకున్న. ఆ డాక్టరమ్మ ఏ మిషనూ పెట్టలే. మూడు అడిగింది. "కండ్లు తెరిస్తె ఏమైతది?" పోతయి మేడం. "పగలు మంచిగ మెలకువతోని ఉన్నప్పుడు, దుకాణంల లెక్కలు రాసేటప్పుడు వస్తయా?" రావు. "అవి కనవడేటప్పుడు అది నిజం కాదని మీకు ఎరుకేనా?" ఎరుకే. అప్పుడు ఆమె పెన్ను కిందవెట్టి చెప్పింది: నిద్ర అనేది స్విచ్ ఆఫ్ చేసినట్టు ఒక్కసారే రాదు, మెదడుల కొంత భాగం ముందు పండుకుంటది, కొంత ఆలస్యంగ పండుకుంటది. కండ్లు మూసి చీకటైనంక గూడ చూపుకు సంబంధించిన భాగం ఊకె ఉండదు, బయటికెళ్లి ఏం రాకున్నా దానంతట అదే బొమ్మలు అల్లుతది. మెలకువకు నిద్రకు మధ్యల ఆ గట్టు మీద ఉన్నప్పుడు ఆ బొమ్మలు మనకు కనవడతయి. నిద్ర తక్కువైనా, టైం తప్పి పండుకున్నా, మనసుల రంది ఉన్నా ఎక్కువ కనవడతయి. నెత్తిల పేలినట్టు సప్పుడు గూడ గా గట్టు మీదిదే, దాని ఇంగ్లీష్ పేరు ఎక్స్‌ప్లోడింగ్ హెడ్ సిండ్రోమ్, పేరు ఇని భయపడకున్రి, నెత్తికి ఏం కాదు అన్నది. కన్ను అంటుకునేటప్పుడు మెట్టు తప్పి పడ్డట్టు ఒళ్లు జలక్కుమంటది గద, దాన్ని రోగం అంటమా, ఇది దానికి చుట్టమే అన్నది.

పది నిమిషాలు పట్టింది సార్ ఆమెకు. నాకు నెలల సంది ఎవరూ ఇయ్యని పది నిమిషాలు.

నా బిడ్డ నర్సింగ్ చదువుతది, ఆమె తర్వాత వీడియోలు కాకుంట అసలు పరిశోధనలు తీసి చదివి చెప్పింది. దీనికి 1848లనే ఫ్రాన్స్‌ల ఆల్ఫ్రెడ్ మోరీ అనేటాయన పేరు పెట్టిండట, హిప్నగాగిక్ అని, అంటె నిద్రలకు తీస్కపోయేది అన్నట్టు. 1996ల బ్రిటన్‌ల 4,972 మందిని అడిగితె వంద మందిల 37 మంది నిద్ర వట్టేటప్పుడు ఇసొంటివి అయితయని చెప్పిన్రట. ముప్పై ఏడు మంది! మా మార్కెట్ల ఒక షెడ్డు కింద నిలవడ్డోళ్లను అడిగితె ఎంతమందో లెక్కేసుకోవచ్చు. నాకు అన్నిటికంటె నచ్చింది ఇంకోటి. 2000ల అమెరికాల హార్వర్డ్‌ల రాబర్ట్ స్టిక్‌గోల్డ్ అనే ఆయన 27 మందితోని టెట్రిస్ ఆడించిండట, పైనుంచి ఇటుక ముక్కలు రాలుతుంటె పేర్చే ఆట అది. వాళ్లల్ల 17 మందికి నిద్ర వట్టేటప్పుడు ఆ ముక్కలు రాలుడే కనవడ్డదట. యాదిమరుపు రోగం ఉండి ఆట ఆడినట్టే గుర్తు లేనోళ్లకు గూడ కొందరికి కనవడ్డదట. హార్వర్డ్‌ల తేల్చిన ముచ్చట మా అవ్వ సాటల బియ్యం ఏరుకుంట చెప్పేసింది, పత్తి అని, నారు అని. నా మిరపకాయలు గూడ గంతే.

తగ్గుడు ఒక్క రోజుల తగ్గలే. డాక్టరమ్మ చెప్పినట్టు ఫోన్ మంచం కాడ పెట్టుడు బంద్ చేసిన, రోగాల గురించి చూసుడు బంద్, సాయంత్రం నాలుగు దాటితె చాయ బంద్. అన్నిటికంటె కష్టమైంది "చూడకుంట ఉండుడు" కాదు, వస్తె రానిచ్చుడు. తరుమనీకి పోవద్దు, దాని పేరు ఏంది, నిన్నటి కంటె ఎక్కువనా తక్కువనా అని లెక్కవెట్టొద్దు అన్నది. మొదటి వారం చెమటలు పట్టినయి. రెండోసారి స్కానింగ్‌కు దాసిన పైసలు ఇంట్ల చెప్పి నా భార్య చేతికిచ్చిన, ఆమె ఏడ్చింది, "గిన్ని దినాలు నాకు చెప్పకుంట ఒక్కనివే ఎట్ల మోసినవయ్యా" అన్నది. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఇది చదివి అన్నీ ఇట్లనే కొట్టేసుకోవద్దు, అది గూడ గట్టిగ రాయాలె. కండ్లు తెరిచున్నప్పుడు ఉన్నట్టుండి మెరుపులు మెరిసినట్టై నల్ల చుక్కలు కొత్తగ మస్తుగ తేలినా, ఒక పక్కకెళ్లి పరదా దించినట్టు చూపు మూసుకపోయినా అది కంటి లోపలి పొర ఊడుడు కావొచ్చు, ఆగొద్దు, ఆ రోజే పోవాలె, మన వరంగల్ల ప్రాంతీయ కంటి దవాఖాననే ఉన్నది. మూతి వంకరపోయి, మాట తడవడి, చెయ్యి కాలు పడిపోతె వెంటనే 108. మెరిసే వంకర గీతలు ఒక అద్దగంట దాంక కనవడి తర్వాత సగం తల నొస్తె అది మైగ్రేన్ కావొచ్చు, దానికి మందులున్నయి. పగలు ఆపుకోలేని నిద్ర వచ్చి, నవ్వినప్పుడు మోకాళ్లు జారిపోయినట్టైతె గూడ డాక్టర్‌కు చెప్పాలె. సోయి తప్పినా, మంచి మెలకువల లేని మనుషులు కనవడి మాటలు ఇనవడినా, అవి నిజమే అనిపించినా చెప్పాలె. మీ వ్యాసంల ఇట్ల విడమరిచి ఉంటె సరిపోయేది సార్, రెండు లైన్లు ఎక్కువైతుండె, అంతే.

ఇన్ని రోజులు ఊకున్నోన్ని ఇప్పుడు ఎందుకు రాస్తున్న అంటె, మా మార్కెట్ల ఒక హమాలీ పిలగాడు ఉన్నడు, ఇరువై నాలుగేండ్లుంటయి, నర్సంపేట దిక్కు. మొన్న సోమవారం కాంటా అయినంక నన్ను పక్కకు పిలిచిండు. "అన్నా, నీకు తెలిసిన పెద్ద డాక్టర్ ఎవరన్న ఉన్నరా, నాకు తలల గడ్డ ఉన్నట్టుంది" అన్నడు. ఎట్ల తెల్సిందిరా అంటె, రాత్రి పండుకుంటె కండ్లల్ల రంగులు తిరుగుతున్నయి, బస్తాలు పడ్డట్టు అయితున్నది, ఒకనాడైతె మెలకువ వచ్చింది కని గుండె మీద ఎవరో కూసున్నట్టు కాలు చెయ్యి కదల్లేదు అన్నడు. జేబులకెళ్లి మడత పెట్టిన కాగితం తీసిండు. మీ ఆదివారం పేజీ. ఆ ముక్క కింద పెన్నుతోని గీత గీసి ఉన్నది. స్కానింగ్ కోసం నూటికి మూడు రూపాయల వడ్డీకి ఎనిమిది వేలు తెచ్చిండు.

నేను ఆడనే బస్తాల మీద కూసొని నాకైంది మొత్తం చెప్పిన. కాలు చెయ్యి కదలకపోవుడు గూడ చెప్పిన, కలలు వచ్చే నిద్రల మన ఒళ్లు కదలకుంట మెదడే పట్టి ఉంచుతది, ఒక్కోసారి సోయి ముందు వస్తది, ఒళ్లు తర్వాత వస్తది, కొద్దిసేపట్లనే పోతది, ఊర్లల్ల దాన్నే దయ్యం కూసున్నది అంటరు. 14416 నంబర్ ఇచ్చిన, టెలి మానస్ అని మనసు ఇబ్బందులు చెప్పుకునేటందుకు 2022ల సర్కార్ పెట్టింది, పైసలు లేవు, రాత్రైనా పగలైనా తెలుగుల మాట్లాడతరు, స్కానింగ్ కంటె ముందు ఒక్కసారి చెయ్యిరా అన్న. తల ఊపిండు. పోతపోత "నువ్వు మంచోనివి గనక ధైర్యం చెప్తున్నవన్నా, పేపర్ల ఊకె రాస్తరా" అన్నడు.

అందుకే సార్ అడుగుతున్న. వచ్చే ఆదివారం అదే పేజీల, అంతే పెద్ద అక్షరాలతోని, ఒక నరాల డాక్టర్‌తోనో మానసిక డాక్టర్‌తోనో దీని గురించి రాయించున్రి. దీనికి తెలుగుల ఒక మంచి పేరు గూడ పెట్టున్రి, "నిద్రగట్టు బొమ్మలు" అంటరో ఇంకేమంటరో మీ ఇష్టం, పేరుంటె మనిషి దాన్ని పట్టుకొని అడగగలుగుతడు. ఆ పిలగాని స్కానింగ్ ఆ పై సోమవారం ఉన్నది. రోజూ పొద్దుగాల మార్కెట్ గేటు కాడ టీ కొట్టుల మీ పేపర్ చదివినంకనే బస్తా ఎత్తుతడు. నా మాట నమ్మలే, మీ పేపర్ల వస్తె నమ్ముతడు.

మీ పాఠకుడు,
ఒక గుమస్తా, హన్మకొండ